అడగండి, చెబుతాం: తాగిన సంగతి ఫారంలో రాయాలా?

మూడు నెలల కిందట ఈ శీర్షికలో, అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టు ఉద్యోగాలకు జరిగే నేపథ్య విచారణ గురించి ఒక ప్రశ్నకు జవాబు రాశాను. అప్పటి నుంచి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు పంపుతున్న ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. అది తాగుడు. ఆ మాటను ఉన్నదున్నట్టు రాసినవారు మాత్రం తక్కువ. ‘చిన్న పొరపాటు’ అనీ, ‘స్నేహితుల బలవంతం’ అనీ, ‘ఆ రోజు జరిగిన సంగతి’ అనీ రాసినవారే ఎక్కువ. వాటిలో నాలుగు ఉత్తరాలను ఈ సంచికకు ఎంచుకున్నాను. ఉత్తరం రాసినవారిని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను. మేరీల్యాండ్‌లో ఒక న్యాయవాది కార్యాలయంలో ఇటువంటి ఫైళ్ల మధ్య కొన్నేళ్లు గడిపి నెల్లూరుకు తిరిగి వచ్చినవాడిని కాబట్టి, పుస్తకంలో ఉన్నదానితో పాటు బల్ల మీద చూసినదీ కొంత చెప్పగలను.

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయి వర్జీనియాలో ఉంటాడు. నిరుడే అక్కడి పౌరసత్వం వచ్చింది. రక్షణ శాఖకు పనిచేసే ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తానంటోంది కానీ, సీక్రెట్ స్థాయి క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసేందుకు ఇచ్చే అనుమతి) రావాలట. మూడేళ్ల కిందట స్నేహితుడి పెళ్లి విందు నుంచి కారు నడుపుకుంటూ వస్తుంటే పోలీసులు ఆపి, పరీక్ష చేసి, కేసు పెట్టారు. జరిమానా కట్టాడు, ఏడాది పాటు లైసెన్సు పోయింది, కోర్టు పంపిన మద్యం తరగతులకు కూడా వెళ్లాడు. అక్కడే ఉన్న మా బంధువు ఒకాయన, ‘కేసు ముగిసిపోయింది కదా, ఫారంలో రాస్తే నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నట్టు’ అంటున్నాడు. మేమేం చెప్పాలి?

జవాబు: రాయమని చెప్పండి. జాతీయ భద్రతకు సంబంధించిన ఉద్యోగాలకు అక్కడ నింపే ప్రశ్నావళిని ఎస్‌ఎఫ్ 86 అంటారు. వంద పేజీలు దాటే ఆ ఫారంలో 22వ విభాగం పోలీసు కేసుల గురించి అడుగుతుంది. మామూలు కేసులకు గత 7 సంవత్సరాల వివరాలతో తృప్తిపడే ఆ విభాగమే, మద్యానికో మాదకద్రవ్యాలకో సంబంధించిన నేరారోపణ దగ్గరకు వచ్చేసరికి ‘ఎప్పుడైనా’ అని అడుగుతుంది. కోర్టు కేసు కొట్టేసినా, రికార్డును మూసి ముద్ర వేసినా సరే, రాయాల్సిందేనని ఆ ఫారంలోనే ఉంటుంది. దాని తర్వాత 24వ విభాగం పూర్తిగా మద్యం గురించే. గత 7 సంవత్సరాల్లో మీ తాగుడు వల్ల ఉద్యోగం, సంబంధాలు, డబ్బు వ్యవహారాలు దెబ్బతిన్నాయా, పోలీసులు కలగజేసుకోవలసి వచ్చిందా, చికిత్స తీసుకోమని ఎప్పుడైనా ఎవరైనా ఆదేశించారా అని అందులో అడుగుతారు. మీ అబ్బాయి సంగతి ఈ రెండు చోట్లా వస్తుంది. ఎస్‌ఎఫ్ 86 స్థానంలో రావలసిన కొత్త ప్రశ్నావళిని 2023లో ఆమోదించారు కాబట్టి, తన చేతికి ఏ ఫారం వస్తే దానిలోని ప్రశ్నను అక్షరం అక్షరం చదివి దానికే జవాబు రాయాలి. బంధువుకు గుర్తున్న పాత ప్రశ్నకు జవాబు రాయకూడదు.

మీ బంధువుగారి సలహాలో ఉన్న చిక్కు ఏమిటంటే, ముగిసిన కేసునూ లేని కేసునూ ఆయన ఒకటిగా చూస్తున్నారు. విచారణ జరిపే డీసీఎస్‌ఏ అనే సంస్థ వేలిముద్రలు తీసుకుని ఎఫ్‌బీఐ రికార్డులతో సరిచూస్తుంది. అరెస్టు అక్కడ కనిపిస్తుంది. అర్హతను తేల్చడానికి మొత్తం 13 మార్గదర్శకాలు ఉన్నాయి, వాటికి అక్షరాలే పేర్లు. తాగి కారు నడపడం ‘జీ’ కిందికి, అంటే మద్యం సేవనం కిందికి వస్తుంది. ఫారంలో కావాలని దాచడం ‘ఈ’ కిందికి, అంటే వ్యక్తిగత ప్రవర్తన కిందికి వస్తుంది. మొదటిదానికి మీ అబ్బాయి దగ్గర చెప్పుకోవడానికి మూడేళ్ల మంచి నడవడిక ఉంది. రెండోదానికి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, ఎందుకంటే అది మూడేళ్ల కిందటి తప్పు కాదు, సంతకం పెట్టిన రోజున చేసిన తప్పు. ప్రభుత్వానికి తెలిసి తెలిసి అబద్ధం రాసిచ్చినవారికి 5 సంవత్సరాల వరకు జైలు శిక్ష వేసే ఫెడరల్ చట్టం కూడా ఉంది. ఆ చట్టం కింద కేసు పెట్టడం అరుదే కావచ్చు. క్లియరెన్స్ పోవడం మాత్రం అరుదు కాదు. నేను చూసిన ఫైళ్లలో తాగుడు వల్ల పోయినవాటి కంటే తాగుడును దాచడం వల్ల పోయినవే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. వాటిలో చాలావరకు నిజం రాసి ఉంటే నిలబడేవే.

అయితే రాస్తే చాలు, వచ్చేస్తుందని కూడా అనుకోవద్దు. 2017 జూన్ 8 నుంచి అమలులో ఉన్న ‘జీ’ మార్గదర్శకం ప్రకారం, ఉద్యోగ స్థలానికి బయట మద్యం మత్తులో జరిగిన సంఘటన, అది ఒక్కసారే జరిగినా, వ్యసనమని ఏ డాక్టరూ రాయకపోయినా, సందేహానికి కారణమవుతుంది. మితిమీరిన తాగుడు మనిషి విచక్షణను దెబ్బతీస్తుంది, అలాంటివాడి చేతిలో రహస్యాలు భద్రంగా ఉంటాయా అన్నదే ఆ సందేహం. క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. సందేహం మిగిలితే దాన్ని దేశ భద్రత వైపే తేలుస్తారు తప్ప దరఖాస్తుదారు వైపు తేల్చరు. నేరం రుజువు కావాలనే క్రిమినల్ కోర్టు లెక్క ఇక్కడ పనిచేయదు.

ఆ మార్గదర్శకంలోనే సందేహాన్ని తొలగించే అంశాలు కూడా ఉన్నాయి. జరిగి చాలా కాలం గడవడం, లేదా అరుదుగా, అసాధారణ పరిస్థితుల్లో జరిగి మళ్లీ జరిగే అవకాశం లేకపోవడం వాటిలో మొదటిది. మీ అబ్బాయి ఆధారపడవలసింది దీని మీదే. ఒకే సంఘటన, మూడేళ్ల వ్యవధి, కోర్టు చెప్పినవన్నీ పూర్తి చేయడం అతని వైపు ఉన్నాయి. కోర్టు పంపిన తరగతులను మధ్యలో మానేసి ఉంటే అదే ఇంకో అభ్యంతరం అయ్యేది. కాబట్టి కోర్టు తీర్పు నకలు, తరగతులు పూర్తి చేసిన సర్టిఫికెట్, ఇప్పటి డ్రైవింగ్ రికార్డు ఈ మూడూ ముందుగానే తెప్పించి పెట్టుకోమనండి. వీలైతే మద్యం సమస్యల్లో అర్హత ఉన్న నిపుణుడి దగ్గర తనంతట తానే మూల్యాంకనం చేయించుకుని, వ్యసనం లేదన్న నివేదిక చేతిలో ఉంచుకుంటే మరీ మంచిది.

ఇక ఫారంలో వివరణ రాసే చిన్న పెట్టె గురించి. ఒక కుర్రవాడు అందులో ‘పోలీసు అధికారితో తలెత్తిన అపార్థం’ అని రాసి, పంపే ముందు మా కార్యాలయంలో చూపించాడు. ఆ వాక్యాన్ని కొట్టేసి, ఏ తేదీన, ఎక్కడ తాగాడో, ఎన్ని గ్లాసులో, యంత్రం ఎంత చూపిందో, కోర్టు ఏం చేసిందో, ఆ తర్వాత తన అలవాటులో ఏం మారిందో వరుసగా ఆరు వాక్యాల్లో రాయించారు మా సీనియర్ న్యాయవాది. ‘ఇంత రాయాలా?’ అని ఆ అబ్బాయి ముఖం చిన్నబోయింది. విచారణాధికారి ఇంటర్వ్యూకు వచ్చినప్పుడు ఆ ఆరు వాక్యాలనే చదివి, అదనంగా రెండు ప్రశ్నలు అడిగి, తర్వాతి విభాగానికి వెళ్లిపోయాడట.

ప్రశ్న: మాది ఒంగోలు. మా మరిది మేరీల్యాండ్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో పనిచేస్తున్నాడు. టాప్ సీక్రెట్ క్లియరెన్స్ ఉంది. రెండేళ్ల కిందట తాగుడు ముదిరి, ఆఫీసుకు వాసనతో వచ్చాడని పైవాళ్లు రాశారు. తర్వాత 28 రోజులు చికిత్స కేంద్రంలో ఉన్నాడు. అక్కడి డాక్టరు ఆల్కహాల్ యూజ్ డిజార్డర్ (తాగుడు వ్యసనం), తీవ్ర స్థాయి అని రాసి, ఇక చుక్క కూడా ముట్టకూడదన్నారు. 14 నెలలు ముట్టలేదు. మొన్న సంక్రాంతికి వచ్చి, కొత్తపట్నం బీచ్ దగ్గర బావమరుదులతో కలిసి రెండు పెగ్గులు తాగాడు. నేను కోప్పడితే ‘ఇక్కడ తాగింది అక్కడికెలా తెలుస్తుంది వదినా’ అన్నాడు. ఇప్పుడు అక్కడి నుంచి ఒక ప్రశ్నావళి వచ్చిందట, చివరిసారి ఎప్పుడు తాగారో తేదీ రాయమని ఉందట. ఫోన్లో మా ఆయనతో గంటసేపు మాట్లాడాడు. ఇద్దరూ తేలక నన్ను అడుగుతున్నారు. నాకేమీ తోచక మీకు రాస్తున్నాను.

జవాబు: అమ్మా, మీ మరిది అడిగిన ప్రశ్నకు జవాబు ముందు చెబుతాను. తెలియడానికి దారులు చాలానే ఉన్నాయి. క్లియరెన్స్ ఉన్నవారు విదేశీ ప్రయాణాన్ని ముందే తెలియజేయాలి కాబట్టి ఒంగోలు వచ్చిన సంగతి ఫైల్లో ఉంటుంది. విచారణాధికారులు స్నేహితులనూ తోటి ఉద్యోగులనూ అడుగుతారు. కొన్ని సంస్థల్లో పాలిగ్రాఫ్ పరీక్ష కూడా ఉంటుంది. కానీ వీటన్నిటికంటే పెద్దది ఆ ప్రశ్నావళి మీద అతను పెట్టబోయే సంతకం. బీచ్‌లో తాగిన సంగతి నిజంగానే ఎవరికీ తెలియదనుకుందాం. అప్పుడు కొత్తపట్నంలో ఆ సాయంత్రం ఉన్న బావమరుదులందరి చేతిలోనూ ఆ మనిషి ఒక రహస్యం పెట్టినట్టు అవుతుంది. బయటపెడతానని బెదిరిస్తే లొంగిపోయే పరిస్థితిలో మనిషి ఉండకూడదన్నది మొత్తం క్లియరెన్స్ వ్యవస్థకు పునాది. అంటే దాచడం ఫలించినా సరే, అదే ఇంకో సమస్యగా మిగులుతుంది.

‘రెండు పెగ్గులే’ అన్న మాటను కూడా కాస్త విప్పి చూడాలి. అమెరికా వైద్యులు ‘ఒక డ్రింక్’ అంటే 14 గ్రాముల శుద్ధ ఆల్కహాల్ ఉన్నది. మన దగ్గర 42.8 శాతం ఉండే విస్కీలో 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గు పోస్తే అందులో దాదాపు 20 గ్రాములు ఉంటుంది. రెండు పెగ్గులంటే అక్కడి లెక్కలో మూడు డ్రింకులకు కొంచెం తక్కువ. క్వార్టర్ సీసా ఒక్కడే ఖాళీ చేస్తే నాలుగు దాటుతాయి. ఇంట్లో చేత్తో పోసుకునే పెగ్గుకు ఈ కొలత కూడా ఉండదని అందరికీ తెలిసిందే. మన కుర్రవాళ్లు అక్కడి డాక్టరు దగ్గర ‘రెండు’ అని చెప్పినప్పుడు చాలాసార్లు అబద్ధం చెప్పాలని చెప్పరు, ఇక్కడి కొలతను అక్కడి మాటతో చెబుతారు. ఫైల్లో మాత్రం అది తగ్గించి చెప్పినట్టే పడుతుంది. మీ మరిది రాసేటప్పుడు పెగ్గుల లెక్క కాకుండా మిల్లీలీటర్లు రాస్తే మంచిది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ‘జీ’ మార్గదర్శకంలో అతనికి వ్యతిరేకంగా మూడు అంశాలు నిలబడతాయి. మత్తులో ఉద్యోగానికి రావడం ఒకటి. అర్హత ఉన్న వైద్యుడు వ్యసనమని నిర్ధారించడం రెండు. నిర్ధారణ తర్వాత, చికిత్సలో చెప్పినదానికి విరుద్ధంగా తాగడం మూడు. మొదటి రెండిటినీ 14 నెలల సంయమనం చాలావరకు వెనక్కి నెట్టింది. మూడోది ఒక్క సాయంత్రంలో ముందుకు వచ్చింది. మామూలు మనిషి తాగే రెండు పెగ్గులకూ, ఇక ముట్టవద్దని డాక్టరు రాసిచ్చిన మనిషి తాగే రెండు పెగ్గులకూ ఆ వ్యవస్థ దృష్టిలో పోలికే లేదు. ఎంత తాగాడన్నది కాదు ఇక్కడి లెక్క. తనకు చెప్పిన హద్దును తాను పాటించగలడా అన్నదే లెక్క.

అలాగని అంతా అయిపోయిందని కూడా కాదు. సందేహాన్ని తొలగించే అంశాల్లో, తన తాగుడులో తప్పుందని ఒప్పుకుని, దాని నుంచి బయటపడటానికి చేసినవాటికి ఆధారాలు చూపి, చికిత్సలో చెప్పిన ప్రకారం మానేసిన స్థిరమైన నడవడికను చూపించడం ఒకటి. చికిత్సనూ, ఆ తర్వాత చేయవలసిన అనుసరణనూ విజయవంతంగా పూర్తి చేసి, అదే నడవడికను నిలబెట్టుకోవడం మరొకటి. ‘స్థిరమైన’ అంటే ఎన్ని నెలలో ఎక్కడా రాయలేదు. ఏడాది గడిస్తే చాలనే గీత లేదని క్లియరెన్స్ కేసుల అప్పీలు బోర్డు తీర్పుల్లో మళ్లీ మళ్లీ చెప్పారు. వైద్యులు పాటించే డీఎస్ఎం 5 గ్రంథంలో ఈ వ్యసనానికి 11 లక్షణాలు ఉంటాయి. ఆరు, ఆపైన ఉంటే తీవ్ర స్థాయి. తాగాలన్న తపన తప్ప మిగిలినవేవీ 12 నెలలు కనిపించకపోతే దాన్ని నిలకడైన ఉపశమనంగా రాస్తారు. మీ మరిది 14 నెలలు ఆ స్థితిలో ఉన్నట్టే. కాబట్టి అతను ఈ వారంలోనే చేయవలసిన పని, చికిత్స చేసిన డాక్టరు దగ్గరకు వెళ్లి కొత్తపట్నం సంగతి చెప్పడం. ఆ డాక్టరు అది జారిపాటా, వ్యాధి తిరగబెట్టడమా తేల్చి, ఇక ముందు పరిస్థితి ఎలా ఉండవచ్చునో రాసిస్తారు. జరిగిన తాగుడును దాచకుండా తెలుసుకుని రాసిన డాక్టరు అభిప్రాయానికి విలువ ఉంటుంది. తెలియక రాసిన మంచి అభిప్రాయం, ఆ తేదీ బయటపడిన రోజున కాగితం ముక్క అవుతుంది.

తర్వాత ప్రశ్నావళిలో నిజమైన తేదీ రాయాలి. రాస్తే క్లియరెన్స్ తీసేస్తామని కారణాల పత్రం, అంటే స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్ రావచ్చు. అది వచ్చిన నాటి నుంచి 20 రోజుల్లో ప్రమాణపూర్వకంగా, ఆరోపణ ఆరోపణకూ ఒప్పుకుంటున్నానో లేదో రాసి పంపాలి. కాంట్రాక్టు ఉద్యోగులకు డోహా అనే రక్షణ శాఖ విచారణలు, అప్పీళ్ల కార్యాలయంలో పరిపాలనా న్యాయమూర్తి ముందు విచారణ కోరుకునే హక్కు ఉంది. తీర్పు వ్యతిరేకంగా వస్తే 15 రోజుల్లో అప్పీలు నోటీసు ఇవ్వవచ్చు. అదీ పోతే ఏడాది తర్వాత మళ్లీ దరఖాస్తుకు దారి ఉంటుంది. ఆ పత్రం అందేదాకా ఆగకుండా, ఈ పనిలో అనుభవం ఉన్న న్యాయవాదిని ఇప్పుడే కలవమనండి. ఇరవై రోజులు ఇట్టే గడిచిపోతాయి.

అలాంటి విచారణలు కొన్నిటిలో వెనుక కుర్చీలో కూర్చున్నాను. చిన్న గది, ఒక బల్ల, ప్రభుత్వం తరఫున న్యాయవాది, ప్రతి మాటా రాసుకునే మనిషి ఉంటారు. ఎక్కడా పోలీసుల హడావుడి ఉండదు. అక్కడ తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: ‘మీరు చివరిసారి ఎప్పుడు తాగారు?’ ఒకాయన ఆ ప్రశ్నకు నెల పేరు చెప్పి, ఆగి, భార్య వైపు చూసి, అంతకంటే దగ్గరి నెల ఇంకొకటి చెప్పాడు. ఆ చూపు ఎవరూ రాసుకోలేదు కానీ, న్యాయమూర్తి కలం కింద పెట్టడం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇంకొకరు తేదీ, వారం, ఆ రోజు ఏ కూర తిన్నాడో కూడా చెప్పాడు. మానేసినవాళ్లకు ఆ తేదీ పుట్టినరోజంత గుర్తుంటుంది.

మీరు చేయగలిగినది కూడా ఒకటి ఉందమ్మా. అక్కడ మంచి నడవడికకు సాక్ష్యంగా ఉత్తరాలు పెడతారు. మన ఊళ్ల నుంచి వెళ్లేవాటిలో చాలావరకు ‘చాలా మంచి కుటుంబం, దైవభక్తి గల అబ్బాయి, చదువులో మొదటి ర్యాంకు’ అని ఉంటాయి. అతని తాగుడు సంగతే తెలియనివారు రాసిన ఆ ఉత్తరాలను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మీరు మాత్రం అన్నీ చూశారు. 14 నెలలు ముట్టలేదని మీకెలా తెలుసో, సంక్రాంతికి ఏం జరిగిందో, మీరేమన్నారో, ఆ తర్వాత అతను ఏం చేశాడో సూటిగా రాయండి. కోప్పడిన వదిన రాసిన ఉత్తరం పొగిడిన మేష్టారి ఉత్తరం కంటే బలంగా పనిచేస్తుంది.

ప్రశ్న: మేము కందుకూరు వాళ్లం. మా అమ్మాయి టెక్సాస్‌లో హెచ్1బీ మీద పనిచేస్తోంది. అల్లుడికి సాయంత్రం తాగే అలవాటు ఉంది, కౌన్సెలింగ్‌కు వెళ్లమంటే ‘రేపు క్లియరెన్స్ ఉద్యోగాలకు అడ్డం వస్తుంది’ అని వెళ్లడం లేదు. అతనికి ఇంకా గ్రీన్ కార్డు కూడా రాలేదు. ఇది నిజమేనా?

జవాబు: క్లియరెన్స్ అమెరికా పౌరులకే ఇస్తారు. అరుదుగా, పరిమితమైన అనుమతి మాత్రం ఇతరులకు దొరుకుతుంది, దాన్ని క్లియరెన్స్ అనరు. కాబట్టి గ్రీన్ కార్డు కూడా రాని మీ అల్లుడు ఎన్నో ఏళ్ల తర్వాత రాగల ఉద్యోగాన్ని అడ్డం పెట్టుకుని ఇవాళ్టి గ్లాసును కాపాడుకుంటున్నారు. ఈ మాట మీరు ఆయనతో అనలేరని తెలుసు, మీ అమ్మాయి అనవచ్చు.

కౌన్సెలింగ్ తీసుకున్నారా అని ఫారంలో అడిగే మాట వాస్తవమే. అడగడం వేరు, అభ్యంతరం వేరు. సమస్య పెద్దది కాకముందే తనంతట తాను కౌన్సెలింగ్‌కు వెళ్లి, అంతకు ముందు చికిత్స తీసుకుని తిరగబెట్టిన చరిత్ర లేకుండా, మెరుగుపడుతూ ఉండటాన్ని ‘జీ’ మార్గదర్శకం దరఖాస్తుదారు వైపు అంశంగానే లెక్కిస్తుంది. ఇప్పటికే క్లియరెన్స్ ఉన్నవారు మాత్రం మద్యం చికిత్స తీసుకుంటే తమ కంపెనీ భద్రతాధికారికి తెలియజేయాలి. వారికి కూడా, చికిత్స తీసుకోవడం కంటే తీసుకోకుండా దొరికిపోవడమే ఎక్కువ నష్టం. 1992లో దూబగుంట ఆడవాళ్లు రోశమ్మ వెంట సారా అంగడి ముందు నిలబడి ఊరంతా వినేలా అరిచిన ప్రాంతం మనది. కొట్టు ముందు వచ్చిన ఆ గొంతు, నడి ఇంట్లో అల్లుడి సీసా దగ్గరకు వచ్చేసరికి పరువు పేరుతో తగ్గిపోతోందని నాకు వచ్చే ఉత్తరాలను బట్టి అనిపిస్తోంది.

ప్రశ్న: నెల్లూరు నుంచి రాస్తున్నాను. అమెరికా సంగతులు సరే, ఇక్కడి మాట చెప్పండి. మా మేనల్లుడు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యాడు. రెండేళ్ల కిందట బైక్ మీద వస్తుండగా డ్రంక్ అండ్ డ్రైవ్‌లో పట్టుబడి, కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాడు. ఇప్పుడు ఇచ్చిన అటెస్టేషన్ ఫారంలో కేసుల గురించి అడిగారు. ‘జరిమానా కట్టి వచ్చేశాం, ఇంక కేసెక్కడిది’ అని మా బావగారు అంటున్నారు.

జవాబు: మీ బావగారు కావలి బంధువుగారికి దగ్గరి మనిషిలా ఉన్నారు. అటెస్టేషన్ ఫారంలో అరెస్టయ్యారా, ప్రాసిక్యూషన్ జరిగిందా అని అడగడంతో పాటు ‘న్యాయస్థానం జరిమానా విధించిందా’ అని విడిగా అడుగుతారు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద తప్పు ఒప్పుకుని జరిమానా కట్టడమంటే నేరం రుజువైనట్టే. ఈ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆ హద్దు 80, అంటే మన చట్టమే గట్టిది. 2019లో సవరించిన తర్వాత మొదటి తప్పుకు 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కాబట్టి ఆ గడిలో ‘అవును’ అని రాయాలి. తప్పుడు సమాచారం ఇచ్చినా, దాచినా అనర్హులవుతారని ఫారం మొదట్లోనే హెచ్చరిక ఉంటుంది.

రాస్తే ఏమవుతుందన్నదానికి సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అవతార్ సింగ్ కేసులో 2016 జూలై 21న ఇచ్చిన తీర్పు దారి చూపిస్తుంది. శిక్ష, అరెస్టు, పెండింగు కేసు గురించిన సమాచారం నిజంగా ఉండాలని ఆ తీర్పు చెప్పింది. చిన్నపాటి నేరాన్ని దాచిన సందర్భంలో యజమాని తన విచక్షణతో దాన్ని పట్టించుకోకుండా వదిలేయవచ్చునంది. నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదని కూడా అంది. దాచారా లేదా అని తేల్చేటప్పుడు ఫారంలో స్పష్టంగా అడిగినదాన్నే లెక్కలోకి తీసుకోవాలని కూడా చెప్పింది. మీ మేనల్లుడి ఫారంలో జరిమానా గురించి పేరుపెట్టి అడిగారు కాబట్టి, తెలియక వదిలేశాననే మాటకు చోటు లేదు. సాయుధ బలగాలు, వాహనం నడిపే ఉద్యోగాలైతే ఈ కేసును మరింత నిశితంగా చూస్తారు. గుమాస్తా స్థాయి ఉద్యోగమైతే ఒక్క జరిమానా మీదే తిరస్కరించడం కష్టం. పోలీసు విచారణకు మీ ప్రాంత స్టేషన్ నుంచి మనిషి వచ్చినప్పుడు, ఫారంలో రాసినదే ఇంట్లోవాళ్లు కూడా చెప్పాలి. మేనమామ ఒకటి, నాన్న ఒకటి చెప్పి అబ్బాయిని ఇరకాటంలో పెట్టవద్దు. ఆ జరిమానా రసీదు పోయిందని మీ ఉత్తరం చివర రాశారు. కేసు నంబరు, తేదీ తెలిస్తే అదే కోర్టులో కాపీ దరఖాస్తు పెట్టి తీర్పు ధ్రువీకృత నకలు తీసుకోవచ్చు. ఫారం ఇచ్చే గడువుకు అది అందేలా ఈ సోమవారమే వెళ్లండి.